కన్ను పడిన కార్డు

ఆ గడ్డి చూడకపోయి ఉంటే నేను కూడా ఆ కార్డును తిట్టిపోసేదాన్నే. బుద్ధెరిగిన కాడినుంచి గొర్రెల వెంట తిరిగినదాన్ని, గడ్డి సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిపాడు మెట్టల్లో నాలుగు చినుకులకు లేచే గరిక నాకు తెలుసు, సంగం కాలువల కింద వరి కోసినాక దుబ్బుల మధ్య పచ్చగా మొలిచేదీ తెలుసు. అలాంటిది ఆత్మకూరులో నా కూతురింట్లో, టీవీ లాంటి అద్దంలో, గాలికి ఒక్కో పరక ఒక్కో తీరున వంగుతున్న పచ్చిక చూశాను. పరక నీడ పక్క పరక మీద పడుతోంది. ఎన్ని మందలు తోలినా తరగనంత గడ్డి. అందులో ఒక గొర్రె లేదు, ఒక మేక లేదు. తుపాకి పట్టుకుని నా మనవడు భరత్ బొమ్మ ఒక్కటే పరిగెడుతోంది. ఎండాకాలంలో గుప్పెడు మేత కోసం నా కొడుకు ఊళ్ళకు ఊళ్ళు దాటిపోతుంటే ఇక్కడ ఆడుకోవడానికి ఇంత పచ్చికా అని నాకు కడుపు మండింది.

నాకే అంత మండితే నా పక్కన నిలబడిన తిరుపాలుకు ఎంత మండి ఉండాలి.

తిరుపాలు నా కొడుకు కామయ్య కొడుకు. మాది ఉదయగిరి, కొండ కిందనే ఇల్లు, ఇంటి వెనకే గొర్రెల దొడ్డి. వాడు డిగ్రీ చదివి బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో పని చేస్తాడు. భరత్ నా కూతురు మహాలక్ష్మి కొడుకు. వాళ్ళది ఆత్మకూరు, మా అల్లుడు గోవిందయ్య వరికోత మిషన్లు బాడుగకు తిప్పుతాడు. పిలకాయలిద్దరూ వరసకు బావాబామ్మర్దులు. తిరుపాలు నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలకే బావా అని పిలిపించుకుంటాడు. ఒకడు ఉదయగిరిలో, ఒకడు ఆత్మకూరులో కూర్చుని, చెవులకు డిప్పలు తగిలించుకుని, ఒకే ఆట కలిసి ఆడతారు. వందమంది ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకునే ఆట. గెలిచేది ఎప్పుడూ మావాడే. వాడి కంప్యూటరేమో అంగట్లో పారేసిన సామాన్లు ఏరుకొచ్చి బిగించుకున్నది.

ఎప్పుడూ ఓడిపోయేవాడికి ఎట్లుంటుందో నేను భరత్ ముఖంలో చూడలేదు. నేను ఉదయగిరిలో ఉంటాను కదా, గెలిచినవాడి కేకలే నాకు వినపడేవి.

సరే, కంటి డాక్టరుకు చూపించుకోవడానికి తిరుపాలును తోడు తీసుకుని ఆత్మకూరు పోయినప్పుడు ఆ కొత్త పెట్టె చూశాం. పెట్టెకు ఒక పక్క అద్దం. లోపల ఇటుక కంటే పొడుగ్గా ఒక దిమ్మ, దానికి మూడు ఫ్యాన్లు, చుట్టూ రంగురంగుల లైట్లు. అదే గ్రాఫిక్సు కార్డంట. ఆటలో బొమ్మలు గీసే పని దానిదేనంట. చిన్న కార్డయితే పిల్లలు పలక మీద గీసినట్టు గీస్తుంది, పెద్ద కార్డయితే ఉన్నది ఉన్నట్టు దించుతుంది. దాని ఖరీదుకు రెండు పాడిబర్రెలు వస్తాయని తిరుపాలు నా చెవిలో చెప్పాడు.

భరత్ ఆట మధ్యలో ఒక ఏటి ఒడ్డున ఆగాడు.

"చూసినావా బావా. నీ దాంట్లో నీళ్ళు నీలం చీర పరిచినట్టుంటాయి. దీంట్లో మొకం చూసుకోవచ్చు."

"చూసుకుంటా ఉండు. ఆ లోపల ఎవడో ఒకడు కాల్చేస్తాడు నిన్ను," అన్నాడు తిరుపాలు.

మాటకు మాట అన్నాడు గానీ చూపు తిప్పుకోలేదు. పెట్టె ముందు గొంతుక్కూర్చుని, అద్దం మీద అరచెయ్యి పెట్టి, ఆ ఫ్యాన్లు తిరగడమే చూస్తూ ఉండిపోయాడు. కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చిన మహాలక్ష్మి వాకిట్లోనే ఆగింది. వాణ్ణి చూసింది, పెట్టెను చూసింది, మళ్ళీ వాణ్ణి చూసింది. కాఫీ ఇచ్చేటప్పుడు మేనల్లుడితో ఎప్పుడూ ఆడే పరాచికం ఆడలేదు.

అది చిన్నప్పటినుంచీ అంతే. వెంకటగిరి జాతరలో వాళ్ళ నాయన ఎర్రగాజులు కొనిస్తే, ఎవరి కన్నూ పడకూడదని సజ్జల కుండలో పూడ్చిపెట్టింది. నేను తెలియక గరిటె వేసి సజ్జలు తోడితే సగం గాజులు పగిలాయి. పగిలినందుకు కాదు ఏడ్చింది, ఎవరో చూసే ఉంటారని ఏడ్చింది.

ఇంటికొచ్చినాక మా తిరుపాలు మనిషి మారిపోయాడు. ఆట మొదలుపెట్టి పావుగంటకే ఆపేసేవాడు. తన దాంట్లో నీళ్ళు నీళ్ళలాగా లేవంటాడు. చెట్లు అట్టముక్కలంటాడు. అన్నం తినేటప్పుడు ఫోనులో ఆ కార్డుల మీద వాదులాడుకునే వాళ్ళ మాటలు పెట్టుకునేవాడు. అంత డబ్బు పోయడం దండగ, ఒక హద్దు దాటితే మనిషి కంటికి తేడా తెలియదని ఒకడంటాడు. ఒకసారి చూసినోడు మళ్ళీ చిన్నదాంతో ఆడలేడని ఇంకొకడంటాడు. మావాడు మొదటివాణ్ణి సగంలో ఆపి రెండోవాణ్ణి కడదాకా వినేవాడు. నువ్వు ఏ కార్డూ లేకుండానే గెలుస్తున్నావు కదరా, ఇంకెందుకు అని వాళ్ళమ్మ అంటే, "గెలిచినా ఆణ్ణి చూస్తే ఓడిపోయినట్టే ఉండాదమ్మా," అన్నాడు.

ఒకరోజు వాళ్ళ నాయన ముందుకొచ్చి, తన గొర్రెలు అమ్ముకుంటానన్నాడు.

ఈ తన గొర్రెలేందో చెప్పాలి. మా ఇళ్ళల్లో పిల్లవాడికి పుట్టెంట్రుకలు తీసిన రోజున మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను పట్టి, చెవి కొసన చిన్న కోత కోసి, వాడి పేరున వదిలేస్తాం. దానికి పుట్టినవీ, వాటికి పుట్టినవీ అన్నీ ఆ పిల్లవాడివే. రేపు పెళ్ళయి వేరు కాపురం పెట్టినప్పుడు వాడి మందకు అదే మొదలు. తిరుపాలుకు వదిలిన గొర్రె మంచిది, రెండేసి పిల్లల్ని ఈనేది. ఇప్పుడు మందలో మూడో వంతు వాడి కోతవే. భరత్‌కూ పుట్టెంట్రుకలప్పుడు ఒకదాన్ని వదిలాం. కానీ వాళ్ళకు దొడ్డి లేదు, మేపే దిక్కు లేదు, అల్లుడు అప్పుడే అమ్మేశాడు.

కామయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నీయి, నీ ఇష్టం," అన్నాడు. "అయితే ఒకటి. మందలో నీ కోత తెగితే మళ్ళీ నేను పెట్టను."

ఆ మాటకు వాడు రవ్వంత వెనక్కి తగ్గాడు. తగ్గాడే గానీ లోపలి మంట ఆరలేదు. అలా ఉండగానే ఆత్మకూరు నుంచి భరత్ ఫోను చేశాడు. కార్డు చెడిపోయిందంట. ఆట మొదలుపెట్టిన కాసేపటికే బొమ్మలు కనపడే అద్దం నల్లబడి పెట్టె ఆగిపోతోందంట. నెల్లూరులో కొన్న షాపుకు మోసుకుపోతే అక్కడ గంటలకొద్దీ చక్కగా ఆడింది. ఇంటికి తెచ్చి పెడితే మళ్ళీ ఆగిపోయింది. అలా రెండుసార్లు జరిగింది.

తిరుపాలు అయ్యో అన్నాడు. అనేటప్పుడు వాడి పెదాల చివర నవ్వు నేను చూశాను. ఫోను పెట్టేసి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

నా కళ్ళకు రెండోసారి చూపించుకోవాల్సి వచ్చి మళ్ళీ పోయాం. మహాలక్ష్మి నన్ను వంటింట్లోకి లాక్కుపోయి అసలు మాట చెప్పింది. షాపులో ఆడేది ఇంట్లో ఆడలేదంటే సామాను తప్పు కాదు, దిష్టి. ఎప్పటినుంచి ఆగుతోందంటే, మేం వచ్చి పోయిన మర్నాటినుంచి. ఎవరి కన్నో నోరు విప్పి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజే తను జాగ్రత్తపడిందంట. నల్ల గొంగళి దిష్టిని పట్టనియ్యదని, తన పెళ్ళికి నేను పెట్టిన గొంగళి తీసి పెట్టెకు నిలువునా కప్పిందంట. మా గొర్రెలకు ఉన్ని ఉండదు, ఒట్టి వెంట్రుకే. ఆ గొంగళి అనంతపురం దిక్కునుంచి తెచ్చేవాళ్ళ దగ్గర కొన్నది. వానలో కప్పుకుంటే చుక్క దిగదు. కప్పినా లాభం లేకపోయిందే అని నా కూతురు కళ్ళొత్తుకుంది.

భరత్ మాకు చూపిస్తానని ఆట పెట్టాడు. గొంగళి కప్పే ఉంది. అమ్మ తియ్యనియ్యదని, ఈమధ్య ఫ్యాన్ల రొద మరీ ఎక్కువైందని, గొంగళి ఉంటే ఆ రొదన్నా వినపడదని చెప్పాడు. పాపం వాడికి ఆడటం తెలుసు గానీ పెట్టె లోపలి సంగతి తెలియదు. పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉండగా అద్దం నల్లబడింది. విసుక్కుని లేచి బయటికి పోయాడు.

నాకు బస్సు కుదుపులకు నడుం పట్టేసి ఉంది. ఆ పెట్టె పక్కన చాప మీద కూర్చుని గొంగళికి వీపు ఆనించాను. హాయిగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"ఈడ కూర్చుంటే నడుం నొప్పి ఇడస్తా ఉండాదిరా. కుంపటి మాదిరి కాలతా ఉండాది," అన్నాను తిరుపాలుతో.

వాడు నన్ను అదోలా చూశాడు. గొంగళి కిందికి చెయ్యి పోనిచ్చి, చురుక్కుమన్నట్టు వెంటనే లాక్కున్నాడు. ఏందిరా అంటే ఏం లేదన్నాడు. వాడి ముఖం మాత్రం తప్పిపోయిన గొర్రె కనపడినవాడి ముఖంలాగా వెలిగింది.

భోజనాల దగ్గర మహాలక్ష్మి తనే మాట కదిపింది. "నీ కంటికి అంత నచ్చింటే నువ్వే తీసకపో అబ్బయా. ఇది ఈ ఇంట్లో నిలవదు. మాకు అమ్మవారి కొలుపు వస్తా ఉండాది, రెండు పొట్టేళ్ళు తోలియ్యి, చాలు."

భరత్ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. తిరుపాలు సరేనన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, గట్టిగా అంటే బేరం చెదిరిపోతుందేమోనని భయపడ్డట్టుంది.

బస్సులో ఉండబట్టలేక నాకు చెప్పేశాడు. కార్డుకు ఏమీ కాలేదు. ఆటాడేటప్పుడు అది వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి నెట్టడానికే మూడు ఫ్యాన్లు. గొంగళి కప్పేసరికి వేడి లోపలే తిరిగి, కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతోంది. షాపులో గొంగళి లేదు, అందుకని ఆడింది.

"అయితే ఆ మాట వాళ్ళతో చెప్పలా ఏందిరా?"

"నేనేమన్నా కప్పినానా? వాళ్ళే కప్పుకున్నారు, వాళ్ళే ఇస్తా ఉండారు."

నేను గొడవ పెట్టుకోలేదు. ఇద్దరూ నా మనవళ్ళే, ఎవరి నోటి కాడిది లాగేది. కానీ ఒక మాట చెప్పాను. మా చిన్నప్పుడు మా నాయనకు దగ్గరి చుట్టం ఒకాయన ఉండేవాడు. మంచివాడే. ఎవరో ఆయన కన్ను మంచిది కాదన్నారు. అప్పటినుంచి గొర్రెలు ఈనే కాలంలో ఆయన్ను ఏ దొడ్డి దగ్గరికీ రానిచ్చేవాళ్ళు కాదు. ఆయన దారిలో వస్తుంటే ఆడవాళ్ళు గొర్రెపిల్లల్ని గంపల కింద మూసేవాళ్ళు. ఆయన మందలో కాపరిగా పుట్టి, ఏదో ఊళ్ళో సోడాలమ్ముకుంటూ పోయాడు. నువ్వు కార్డు తెచ్చుకో, ఆ పేరు కూడా దాంతోనే వస్తుంది, నేను చెప్పను, చెప్తే నువ్వే చెప్పాలి అన్నాను. వాడు నవ్వి, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఈ కాలంలో అవన్నీ ఎవరు నమ్ముతారవ్వా అన్నాడు. అత్త నమ్మబట్టే కదా కార్డు వస్తోంది అని నాకు అనిపించింది గానీ, అనలేదు.

కొలుపుకు ముందు ఆటో మాట్లాడుకుని రెండు పొట్టేళ్ళతో పోయాం. కామయ్య వాడి కోత ఉన్నవాటిలోనే రెండు పట్టాడు. మంచివే పట్టాడు, చెల్లెలింటికి కదా. దారిపొడుగునా వాటి చెవులు నిమురుతూ కూర్చున్నాడు. తిరుపాలేమో ఆ కార్డును ఎక్కడ పెట్టాలి, దొడ్డి దుమ్ము దాని మీద పడకుండా ఏం చెయ్యాలి అని నాతో ఒకటే వాగుడు.

కార్డును పెట్టెలోంచి ఊడదీసి, అది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి, బల్ల మీద ఉంచారు. భరత్ దాని పక్కనే కూర్చుని ఉన్నాడు, బడికి పంపే పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు. కామయ్య ఆటో దగ్గరే ఉన్నాడు. తిరుపాలు పెరట్లో చేతులు కడుక్కుని వస్తూ నడవలో ఆగిపోయాడు. వాడు ఏం చూస్తున్నాడా అని నేనూ తొంగి చూశాను.

మహాలక్ష్మి వాకిట్లో కూర్చుని ఉంది. తిరుపాలు చెప్పు ఒకటి తిరగేసి, దాని అడుగున అంటిన మన్ను గోటితో గీరి అరచేతిలో వేసుకుంటోంది. ఆ చేతిలో అప్పటికే ఉప్పు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. ఎవరి కన్ను తగిలిందో వాళ్ళ కాలిమన్ను కలిపి తిప్పితేనే దిష్టి పోతుంది. మా ఇళ్ళల్లో పుట్టిన వాడికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఈ తిరుపాలుకే నేను ఎందరి కాలిమన్నో తెచ్చి తిప్పాను.

మేనత్త తలెత్తి వాణ్ణి చూసింది. సిగ్గుపడలేదు.

"నీకోసరమే నాయనా," అంది. "కార్డు నీ ఇంటికి పోతా ఉండాది గదా. నీ కన్ను నీకే తగలకూడదు."

ప్రేమతోనే అంది. అదే వాణ్ణి కొట్టింది. వాడు తర్వాత నాకు చెప్పాడు, ఆ నిమిషంలో అంతా కళ్ళముందు కనపడిందంట. కార్డు ఉదయగిరిలో గొంగళి లేకుండా ఎంత బాగా ఆడితే, వాడి కన్ను అంత చెడ్డదని రుజువవుతుంది. కోరుకున్న కంటి దగ్గరికి చేరింది కాబట్టే ఆడుతోందంటారు. అత్త చెప్తుంది, అత్త చెప్పిన వాళ్ళు చెప్తారు, ఒకనాటికి వాళ్ళ నాయన దొడ్డి దగ్గరే ఎవరో గంప బోర్లిస్తారు. అది తప్పని చూపించాలంటే కార్డు ఈ ఇంట్లోనే ఆడాలి. ఈ ఇంట్లో ఆడితే కార్డు రాదు.

కాసేపు ఆ అట్టపెట్టె వంకే చూశాడు. వెనకనుంచి నాకు వాడి మెడ నరాలు కనపడుతున్నాయి.

"భరతా," అన్నాడు. "కార్డు మళ్ళా దాంట్లో పెట్టు."

భరత్‌కు అర్థం కాక చూస్తుంటే తనే కూర్చుని బిగించాడు. గొంగళి లాగి, మడిచి, నా ఒళ్ళో పడేశాడు. పెట్టెను గోడకు దూరంగా జరిపాడు. ఆడమన్నాడు. భరత్ ఆడాడు. ఒక ఆట అయింది, ఇంకో ఆట అయింది. పెట్టె వెనకనుంచి వేడిగాలి వచ్చి కిటికీ గుడ్డను ఊపుతోంది. అద్దం నల్లబడలేదు. మహాలక్ష్మి పిడికిలి బిగించుకుని అలాగే నిలబడి ఉంది. అప్పుడు తిరుపాలు బస్సులో నాకు చెప్పిందంతా వాళ్ళకు చెప్పాడు.

"నీకు ముందే తెలుసా బావా?" అన్నాడు భరత్.

"పోయిన తూరి వచ్చినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదే."

"నాకు కావాల గాబట్టి చెప్పలా."

నా కూతురు ఓడిపోవడం ఎరగదు. "నేను కప్పింది నీ కన్ను పడిందనే గదా," అంది గొణుగుతూ.

"పడిందత్తా," అన్నాడు వాడు. "ఇప్పుటికీ దాని మిందే ఉండాది. అయితే నా కన్నుకు అది ఆగలా, నీ గొంగళికి ఆగింది."

భరత్ కుర్చీ తిప్పాడు. వాడు ఏడుస్తాడో తిడతాడో అనుకున్నాను. "నేను ఇది ఎందుకు కొనిపించుకున్నాననుకుంటా ఉండావు బావా? నిన్ను ఓడించేదానికి," అన్నాడు. "కొన్నాక గూడా నువ్వే గెలస్తా ఉండావు. నీ మొకం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండతా ఉండాది." అంటూనే నవ్వేశాడు. ఇన్నేళ్ళూ వాడి వైపు మంట నేను చూడలేదని చెప్పాను కదా, అప్పుడు చూశాను.

మహాలక్ష్మి వాకిట్లోకి పోయి పిడికిట్లోది వీధిలో దులిపేసింది. లోపలికొచ్చి ఇంకో కుర్చీ ఈడ్చి ఆ అద్దం ముందు వేసింది.

"కూసో," అంది మేనల్లుడితో. "మొకం మొత్తేదాకా చూడు."

వాడు కూర్చున్నాడు. భరత్ వాడి చేతికి ఆట ఇచ్చాడు. ఉదయగిరిలో వందమందిలో గెలిచే మొనగాడు ఆ పెద్ద కార్డు మీద రెండు నిమిషాల్లో చచ్చిపోయాడు. వాడి పాత కంప్యూటరులో గడ్డి కనపడదంట, అందుకని దాక్కున్నవాడు ఇట్టే దొరికిపోతాడంట. ఇందులో నిలువెత్తు గడ్డి. గాలికి ఊగే పరకలు చూస్తూ నిలబడిపోతే, అందులోంచే ఎవడో కాల్చాడు. భరత్ పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండోసారీ అంతే అయింది. తిరుపాలుకు కోపం రాలేదు. మూడోసారి తుపాకి దించి ఏటి ఒడ్డున ఊరికే నడిచాడు.

బయటనుంచి కామయ్య కేకేశాడు. "దించేదా, తీసకపొయ్యేదా ఏందో ఒకటి చెప్పండి. అవి ఎండలో మాడతా ఉండాయి."

తీసుకుపోయేదేనన్నాను నేను. కొలుపుకు వేటలు మా అల్లుడు చేజర్ల దిక్కున కొనుక్కున్నాడు. కామయ్య వాటితో ఆటోలో పోయాడు, మేం సాయంత్రం బస్సుకు బయల్దేరాం.

బస్సులో వాణ్ణి అడిగాను, ఇంతకూ అది రెండు బర్రెల ఖరీదు చేస్తుందా అని.

"గెలిచేదానికైతే దండగవ్వా. చూసేదానికైతే ఎంత పెట్టినా తక్కువే. నేను గెలిచేదానికే కావాలని అందరికీ చెప్పుకుంటా వస్తి."

మొకం మొత్తిందా అని అడిగాను. లేదన్నాడు. గొర్రెలు అమ్ముతావా అని అడిగాను. దానికీ లేదన్నాడు. రెండో మాట అనడానికి కాస్త ఆలస్యమైంది.

ఇప్పుడు ఆదివారం వస్తే పొద్దున బస్సుకే ఆత్మకూరు పోతాడు. భరత్ ఈమధ్య ఒకటి రెండుసార్లు గెలిచాడని విన్నాను. తిరుపాలు కన్ను ఇంకా ఆ కార్డు మీదే ఉంది. ఆ సంగతి నా కూతురికీ తెలుసు, వాడు పోయేసరికి కుర్చీ వేసి ఉంచుతుంది.